వణుకు జబ్బు – అదుపు తప్పే మనసు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే 1982 నాటి నకారా కేసు తీర్పు, దాని వెనుకనే మన డి.ఎ. బకాయిలు మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఆ రెండూ మన అధ్యక్షులవారు నాకంటె బాగా చెబుతారు. కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం గురించి పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను, ఫైళ్ళకు నోటు పెట్టిన గుమాస్తాను. కాబట్టి ఫైలు చదివి, తెలిసిన డాక్టరుగారిని అడిగి, రూఢి అయినంత మేరకే మనవి చేస్తాను.

మన సభ్యులొకరు, నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా రిటైరైన పెద్దమనిషి. ఆయన అనుమతితో, వదినగారి అనుమతితో చెబుతున్నాను. పేరు చెప్పను. సర్వీసులో ఒక్క టీ కూడా ఇతరుల డబ్బుతో తాగని మనిషి. కుడిచేయి వణుకు మొదలై, నడక మందగించి, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైతే డాక్టరు పార్కిన్సన్స్ జబ్బు అన్నారు. మాత్రలు వాడారు. గుండీలు మళ్ళీ ఆయనే పెట్టుకున్నారు. అందరం సంతోషించాం.

రెండేళ్ళు గడిచాక ఇంకో రకం మాత్ర చేర్చారు. కొన్ని నెలలకు ఇంటికి గొడుగులు రావడం మొదలైంది. ఆరు గొడుగులు, పదకొండు టార్చిలైట్లు, గోడ గడియారాలు. రాత్రి రెండు గంటలకు లేచి ఆ గడియారాలు విప్పడం, మరలన్నీ వరుసగా పేర్చడం, మళ్ళీ బిగించడం. ఇంతవరకు ఇంట్లో నవ్వుకున్నారు. ఆ తరువాత పేకాట. ఊరి బయట మామిడి తోటలో మన మనవల వయసు కుర్రాళ్ళతో కూర్చుని రమ్మీ. ఒక నెల మొదటి వారంలో వదినగారు పాలవాడికి ఇవ్వడానికి డబ్బు తీయబోతే పెన్షను ఖాతాలో నూట పన్నెండు రూపాయలున్నాయి. అప్పటికే ఈ హాలులో ఉన్న కొందరి దగ్గర చేబదుళ్ళు తీసుకున్నారు. ముసలితనంలో వ్యసనం పట్టిందని కొడుకు మాటలు మానేశాడు. సభ్యత్వం తీసేయాలని మన కార్యవర్గంలో ప్రతిపాదన వచ్చింది. చార్జిమెమో ఇచ్చేముందు సంజాయిషీ అడగాలన్నది మనమంతా బతికిన రూలు. ప్రతిపాదన పెట్టినవారు అది అడగలేదు.

ఇక జబ్బు సంగతి. 1817లో లండనులో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు దీనిని వివరించి రాశాడు. మన ఆయుర్వేదంలో కంపవాతమంటారు. మెదడులో డోపమైన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు క్రమేణా నశిస్తాయి. కదలికకు అది కావాలి. లెవోడోపా మాత్ర మెదడులోకి వెళ్ళి డోపమైన్‌గా మారుతుంది. మన చేలగట్ల మీద దొరికే దూలగొండి గింజల్లో కూడా లెవోడోపా ఉంది. అలాగని ఎవరూ నూరుకు తాగకండి, మోతాదు ఎంత పోతుందో తెలియదు. రెండో రకం మందులు ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటివి. ఇవి డోపమైన్‌గా మారవు, దాని పనిని అవే చేస్తాయి.

చిక్కు ఎక్కడంటే, డోపమైన్ కదలిక కోసమే కాదు. ఒక పని చేస్తే కలిగే సంతోషం, మళ్ళీ చేయాలనే కోరిక, వాటికీ అదే కావాలి. జబ్బు తొలి ఏళ్ళలో కదలిక భాగం ఎక్కువగా ఎండిపోతుంది, కోరిక భాగం అంతగా ఎండదు. మన మిత్రుడి శాఖ భాషలో చెప్పాలంటే, కాలువ చివరి పొలాలకు నీరందాలని తూము తలుపు పూర్తిగా ఎత్తితే ఎగువ పొలాలు మునుగుతాయి. అదీ జరుగుతున్నది. పైగా ఈ రెండో రకం మందులకు ఆ ఎగువ పొలాల మీద పట్టు ఎక్కువ.

ఇది ఒకరిద్దరి కథ కాదు. అమెరికా, కెనడాలలో 3,090 మంది రోగులను పరిశీలించి 2010లో ప్రచురించిన లెక్కలో 13.6 శాతం మందికి ఇటువంటి అదుపు తప్పిన ప్రవర్తన కనిపించింది. రెండో రకం మందు వాడేవారిలో 17.1 శాతం, వాడనివారిలో 6.9 శాతం. జూదం, కొనుగోళ్ళు, తిండి, కామం ఈ నాలుగూ అందులో ఉన్నాయి. నాలుగోది సభలో చెప్పడానికి నాకూ బిడియమే. అయినా చెబుతున్నాను, ఎందుకంటే ఎందరో ఇల్లాళ్ళు ఈ వయసులో ఈ మాట డాక్టరుకు ఎలా చెప్పాలని లోలోపలే కుములుతారు. ఫ్రాన్సులో ఒక రోగి ఇలాగే జూదంలో సర్వం పోగొట్టుకుని మందుల కంపెనీపై దావా వేస్తే, 2012లో రెన్ నగరపు అప్పీలు కోర్టు ఆయనకు నష్టపరిహారం ఇప్పించింది.

మన మిత్రుడి విషయంలో వదినగారే ధైర్యం చేశారు. గొడుగుల దగ్గర నుంచి పేకాట దాకా ఒక కాగితం మీద తేదీలు వేసి డాక్టరు బల్లమీద పెట్టారు. ఆయన చదివి, “అమ్మా, ఈ మాట ముందే నేను అడగవలసింది” అన్నారట. రెండో మాత్రను నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించారు. ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంటికి వెళ్ళి మాత్రలు ఎవరూ చెత్తబుట్టలో పారేయవద్దు. హఠాత్తుగా ఆపితే ఆందోళన, తీవ్రమైన నిస్పృహ కలగవచ్చు. లెవోడోపా హఠాత్తుగా ఆపితే కండరాలు బిగుసుకుని, జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. తగ్గించేది డాక్టరే. అందరికీ ఈ తిప్పలు వస్తాయనీ కాదు, ఎక్కువమందికి రావు. కానీ మందు మొదలుపెట్టిన రోజునే ఇంట్లో ఇద్దరికి ఈ సంగతి తెలిసి ఉండాలి. రోగి తనంతట తాను చెప్పడు. చాలాసార్లు తనకు తప్పనిపించదు కూడా. మందు సర్దుబాటయ్యే లోపు ఎ.టి.ఎం. పరిమితి తగ్గించుకోవడం, బ్యాంకు సందేశాలు భార్య ఫోనుకు వచ్చేలా చేసుకోవడం మంచిది. పత్రాల మీద సంతకాలు ఆ నెలల్లో పెట్టించవద్దు.

ఇప్పుడాయన పేక ముట్టడం లేదు. గడియారాలు గోడ మీదే ఉన్నాయి. అయితే ఊరికే రాలేదు ఈ మార్పు. చేయి మునుపటికంటె కొంచెం ఎక్కువ వణుకుతున్నది, గుండీలు మళ్ళీ వదినగారు పెడుతున్నారు. “వణుకుతో బతకగలను గాని, ఆ తోటలోకి మళ్ళీ వెళ్ళలేను” అని నాతో అన్నారు. కొడుకు వారానికోసారి ఫోను చేస్తున్నాడు. ఇంటికి ఇంకా రాలేదు.

బాకీల సంగతి. ఎవరికెంత ఇవ్వాలో ఆయన స్వదస్తూరీతో, అక్షరాలు వణుకుతున్నా, జాబితా రాసి నాకిచ్చారు. నెలనెలా తీరుస్తున్నారు. నావి మూడు వేలకు రెండు వేలు ముట్టాయి. జాబితాలో లేనివారెవరైనా ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి. సభ్యత్వం తొలగించాలన్న ప్రతిపాదన వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో 4వ అంశంగా ఉంది. దానిని ఉపసంహరించవలసిందిగా ప్రతిపాదకులను ఈ సభాముఖంగా కోరుతున్నాను. డాక్టరుగారి ధ్రువపత్రం నకలు కార్యదర్శిగారికి నిన్ననే అందజేశాను.