చదరంగమునఁ బిన్న పెద్దలు



చదరంగమున ఆటగాని పూర్వపు గెలుపోటములనుబట్టి కట్టు లెక్కను రేటింగందురు. 2004 మార్చిలో ఐస్‌లాండు రాజధాని రేక్యావిక్ నగరమున శీఘ్రచదరంగపుఁ బోటీ జరిగెను. ఎదురెదురుగాఁ గూర్చున్నవారిలో రష్యాదేశీయుఁడు, లోకమున ప్రథముఁడు నగు కాస్పరోవునకు 2831. నార్వే బాలుఁడు, 13 ఏండ్ల కార్ల్‌సెనునకు 2484. ఇంతటి యంతరమున్నచోటఁ బెద్దవానికి నూటికి 88 పాళ్లు దక్కవలెనని గణితము. అయినను మొదటి యాట 52 ఎత్తులకు గెలుపోటములు లేక ముగిసెను. తరువాతి యాటలోఁ గాస్పరోవే గెలిచెను. ఆ బాలుఁడు 2013లో జగద్విజేత యయ్యెను.

చిరకాలము బడిలోఁ బాఠములు చెప్పిన నాకు ఈ యాట మిక్కిలి ప్రియము. రేటింగు నిన్నటి యాటల చిట్టా. నేఁటి బల్లమీఁది పావులు దానిని చదువవు. బాలురను మార్కులతోనే తూఁచు పెద్దలు దీనిని తలఁపవలయును. ఒక్క యాట సరిపోయినంతనే గురువుతో సమానుఁడనైతినని పిన్నవాఁడును దలఁపరాదు.