నర్సు రిజిస్టరు, సమితి తీర్మానం

(సోలాపుర్‌లో నర్సుల దినోత్సవ సందర్భంగా తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం మే 12న ప్రపంచమంతటా నర్సుల దినోత్సవం జరుగుతుంది. అది ఫ్లారెన్స్ నైటింగేల్ జన్మదినం. దీపం చేతబట్టి రాత్రివేళ క్షతగాత్రుల నడుమ తిరిగిన దయామూర్తిగానే ఆమె పాఠ్యపుస్తకాలలో నిలిచిపోయింది. కాని ఆమె జీవితంలో అధికభాగం కాగితాల మధ్య, అంకెల మధ్య గడిచింది. 1857లో బ్రిటిష్ సైన్యపు ఆరోగ్యంపై రాయల్ కమిషన్ ఏర్పడినప్పుడు, ఆ విషయం ఆమె వలె ఎరిగినవారు అరుదు. అయినా స్త్రీ గనుక ఆమెకు అందులో సభ్యత్వం దక్కలేదు. తెర వెనుక ఉండి లెక్కలు కట్టి, పట్టికలు గీసి సభ్యుల చేతికి అందించింది. అటుపిమ్మట భారతదేశంలోని సైనిక స్థావరాల ఆరోగ్యంపై మరొక కమిషన్ ఏర్పడింది. ఆమె ఈ దేశంలో అడుగుపెట్టకుండానే ఇక్కడి స్థావరాలకు ప్రశ్నావళులు పంపి సమాచారం రాబట్టింది. వెయ్యిమంది సైనికులలో ఏటా 69 మంది మరణిస్తున్నారని 1863 నాటి ఆ నివేదిక వెల్లడించింది. చెడునీరు, మురుగు, ఇరుకు బారకులు ఆ మరణాలకు మూలమని ఆమె వాదించింది.

కుర్చీ లేని కాలంలో ఆమె మాట చెల్లింది. కుర్చీ ఉన్న ఈ కాలంలో నర్సు మాట ఎంతవరకు చెల్లుతున్నదన్నదే నేటి ప్రసంగ విషయం.

కుర్చీలు నిజంగానే ఉన్నవి. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ కింద బస్తీలలో 50 నుండి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాలి. దానికి ఏటా 5,000 రూపాయల నిధి. ఆశా కార్యకర్త ఆ సమితికి వెన్నెముక, ఎ.ఎన్.ఎం. నర్సు దానికి దారి చూపే తోడు. దవాఖానాలకు రోగి కళ్యాణ సమితులున్నవి. 30 పడకలు, అంతకు మించిన ఆసుపత్రులలో జీవవ్యర్థాల నిర్వహణను ఆరునెలలకొకసారి సమీక్షించే సమితి ఉండాలని 2016 నాటి నియమాలు చెబుతున్నవి. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత సమితి ఉండాలి. దానికి పై హోదాలోని మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలని 2013 నాటి చట్టం శాసించింది. చిన్న ఆసుపత్రులలో ఆ అర్హత తరచు సీనియర్ నర్సుదే. బిడ్డను బడికి పంపే తల్లిగా పాఠశాల యాజమాన్య సమితిలోనూ నర్సుకు చోటున్నది.

అయితే ఆ కుర్చీలో కూర్చున్న నర్సు చేసే పని ఏమిటి? చాలా చోట్ల హాజరు పట్టీ రాయడం, వచ్చినవారికి టీ అందించడం, చివర సంతకం పెట్టడం. డాక్టరుగారు మాట్లాడతారు, కార్పొరేటరుగారు మాట్లాడతారు, సమావేశం ముగుస్తుంది. నర్సు సంచిలోని రిజిస్టరు సంచిలోనే ఉండిపోతుంది. నష్టం అక్కడే జరుగుతున్నది.

ఈ నష్టం సోలాపుర్ తెలుగువారికి కొత్త కాదు. 2011 జనాభా లెక్కల నాటికే ఈ నగర జనాభా తొమ్మిదిన్నర లక్షలు. తూర్పు భాగంలో తరతరాల క్రితం తెలంగాణ నుండి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఉన్నవి. మగవారు పవర్‌లూమ్ కారఖానాలలో దుప్పట్లు, తువ్వాళ్లు నేస్తుంటే, ఆడవారు ఇంటి గడపలో కూర్చుని వెయ్యికి ఇంత అన్న కూలికి బీడీలు చుడుతున్నారు. నీళ్లు ప్రతిరోజూ రావు. వచ్చిన రోజున పీపాలు, డ్రమ్ములు, సిమెంటు తొట్లు నింపి దాచుకోవడం ప్రతి ఇంటి అలవాటు.

డెంగీని మోసే దోమ ఆ నిలువ నీటిలోనే గుడ్లు పెడుతుంది. సుమారు పదిరోజులలో గుడ్డు దోమగా మారుతుంది. వారానికొకసారి తొట్టి ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టమని ఆరోగ్య విభాగం చెబుతుంది. నీళ్లు మళ్లీ ఎప్పుడు వస్తాయో తెలియని ఇల్లాలు నిండు తొట్టిని ఎట్లా పారబోస్తుంది? ఒక గల్లీలో వారం వ్యవధిలో నాలుగు ఇళ్లలో జ్వరాలు వస్తే ముందుగా తెలిసేది నర్సుకు, ఆశాకు. ఆ గల్లీకి నీళ్లు ఏ రోజున, ఎంతసేపు వదలాలో నిర్ణయించేవారు మరొక చోట, మరొక గదిలో ఉన్నారు. జ్వరాల పట్టిక, నీళ్ల పట్టిక ఒకే బల్లమీదికి చేరినప్పుడే ఆ జ్వరానికి మూలం తెలుస్తుంది. వాటిని ఒకచోటికి చేర్చగలిగినది సమితిలో నోరు విప్పిన నర్సే.

టీకాల సంగతి మరొక ఉదాహరణ. చుట్టిన బీడీలు కారఖానాలో అప్పగించి, ఆకు, తంబాకు తెచ్చుకొనే వేళకే టీకాల కార్యక్రమం పెడితే తల్లులు రారు. వారు రాకపోవడాన్ని అజ్ఞానమని నివేదికలో రాయడం సులభం. ఆ వేళ మార్చమని అడగగలిగినది ఆ గడపలన్నీ ఎక్కి దిగిన నర్సు.

ఇక్కడ భాష మాట కూడా చెప్పుకోవాలి. సమావేశాలు మరాఠీలో జరుగుతాయి, నమోదులూ మరాఠీలోనే ఉంటాయి. ఇది మహారాష్ట్ర గనుక అది సహజం, న్యాయం. ఇక్కడే పుట్టిపెరిగిన తెలుగువారిలో చాలామందికి మరాఠీ వచ్చును. కాని నెలసరి బాధ, గర్భస్రావం, ఇంట్లో తాగుడు, దెబ్బలు వంటివి పెద్ద వయసు స్త్రీలు తల్లిభాషలోనే చెప్పుకోగలరు. తెలుగు తెలిసిన నర్సు ఆ మాటలు వింటుంది. విన్నదాన్ని మరాఠీలో నమోదుకు ఎక్కించగలుగుతుంది. ఆ పని జరగని చోట ఆ స్త్రీల బాధ లెక్కలోకే రాదు.

ఈ దిశగా నర్సు సోదరీమణులు చేయదగిన పనులు నాలుగున్నవి. మొదటిది, సమావేశానికి ముందే ఒక అంశాన్ని రాతపూర్వకంగా కార్యక్రమ పట్టికలో చేర్పించడం. రెండవది, రిజిస్టరులోని లెక్కను గల్లీల వారీగా ఒక పుటలో రాసి తీసుకుపోవడం. అందులో రోగి పేరు గాని, గుర్తించగల వివరం గాని ఉండరాదు. క్షయ, హెచ్.ఐ.వి. వంటి విషయాలలో ఒక్క మాట జారినా ఒక కుటుంబం బస్తీ విడిచి పోవలసి వస్తుంది. మూడవది, చెప్పిన మాట నమోదు పుస్తకంలోకి ఎక్కినదో లేదో చదివి చూచిన తరువాతే సంతకం చేయడం. నాలుగవది, గత తీర్మానం ఏమైనదని తదుపరి సమావేశంలో అడగడం. ఈ నాలుగింటికి పెద్ద చదువు అవసరం లేదు. కొంత ధైర్యం, పక్కన ఒక తోడు ఉంటే చాలు.

ఆ తోడు ఇవ్వవలసినవారు పేటల పెద్దలు. కుల సంఘాలు, దేవాలయ ట్రస్టులు, సహకార సంస్థలు, ధర్మాసుపత్రులు తెలుగువారు ఈ నగరంలో కట్టుకున్న గొప్ప ఆస్తులు. వాటి పాలకవర్గాలలో వ్యాపారులున్నారు, వకీళ్లున్నారు. ముప్పై ఏళ్లు వార్డులలో రాత్రులు గడిపి పదవీ విరమణ చేసిన నర్సులు ఎందరున్నారో ప్రతి సంఘమూ తన జాబితాలో చూచుకోవాలి. ఉద్యోగంలో ఉన్న నర్సుకు నగరపాలిక నియమాల హద్దులుంటాయి. పదవీ విరమణ చేసిన నర్సుకు ఆ హద్దులు లేవు. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల నగరాలలో వార్డు కమిటీలుండాలని రాజ్యాంగమే చెబుతున్నది. మహారాష్ట్రలో ఆ కమిటీలలోకి స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులను నామినేట్ చేసే వీలున్నది. ఆ పేర్లు సూచించే వేళ ఒక నర్సమ్మ పేరు ఎవరైనా పలకాలి.

సన్మానాలు చేయడం, శాలువా కప్పడం మంచి ఆచారమే. కాని శాలువా కప్పించుకున్న నర్సు మరునాడు సమావేశానికి వెళ్లినప్పుడు, ఆమె రిజిస్టరు తెరిచి మాట్లాడుతున్నంతసేపు మిగిలినవారు మౌనంగా వినడం అంతకంటె పెద్ద సన్మానం. వచ్చే నెలలో ప్రతి బస్తీలోనూ మహిళా ఆరోగ్య సమితి సమావేశం జరగవలసి ఉన్నది. ఆ రోజున టీ అందించే పని మరొకరు తీసుకోవాలని, మొదటి అంశం నర్సు నోట వినాలని ఈ సభకు విజ్ఞప్తి.