హ్యామ్‌స్టర్‌కి పాజ్ బటన్ ఉంది, మనకి లేదు!

పొద్దున్నే పటాన్‌చెరు రోడ్డు మీద కంపెనీ బస్సులు చూడండి. సి షిఫ్ట్ దిగినవాళ్లు సీట్లలోనే తూగుతుంటారు. తీరా ఇంటికెళ్లి పడుకుంటే సరిగ్గా నిద్ర పట్టదు. ఎందుకు?

యూరప్‌లో హ్యామ్‌స్టర్ అని ఎలుకలాంటి జంతువు ఉంది. చలికాలం బొరియలో శీతనిద్ర పోతుంది. కొన్ని రోజులకోసారి ఒళ్లు వేడెక్కించుకుని లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. గాఢమైన శీతనిద్రలో దాని మెదడులోని గడియారం ఆగిపోతుందని 2007లో శాస్త్రవేత్తలు చూపించారు.

మన గడియారం అలా ఆగదు. మెదడు అడుగున, సుమారు 20 వేల కణాలతో నడుస్తూనే ఉంటుంది. దాన్ని సెట్ చేసేది వెలుతురు. మీరు నిద్రకి ఇంటికెళ్తుంటే, ఎండ దానికి ‘తెల్లారింది, లే’ అని చెప్తుంది. అది రోజుకి దాదాపు ఒక గంటే సర్దుకోగలదు. వారానికో షిఫ్ట్ మారితే పాపం ఎప్పటికి అందుకుంటుంది?

అందుకే గదిలో మందపాటి కర్టెన్ వేయండి, ఫోన్ దూరంగా పెట్టండి. తూగొస్తుంటే బైక్ తీయొద్దు. ఇంట్లోవాళ్లకీ ఒక మాట: పగలు పడుకున్న అన్నది బద్ధకం కాదు. కాస్త టీవీ సౌండ్ తగ్గించండి. ఈ వీడియో ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేయండి!