మూత పెట్టానుగా!

ఈ వారం మాట్లాడే వంతు నాది. ఏ విషయం మీద మాట్లాడతావని కార్యక్రమం చూసే మిత్రుడు అడిగితే "మూత గిన్నెలు" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఐటీ వాడివి కదా, కంప్యూటర్ల గురించి చెబుతావనుకున్నానే!" అన్నారు. కంప్యూటర్ల గురించి చెప్పేవాళ్ళు ఈ ఊళ్ళో వీధికి పదిమంది ఉన్నారండీ. మన ఫ్రిజ్‌లో వరసగా కూర్చునుండే బుల్లి బుల్లి గిన్నెల గురించి చెప్పేవాళ్ళే లేరు. వాటి మూలంగా మా ఇంట్లో ఒకసారి పెద్ద భయమే పట్టుకుంది. అందుకే ఈ కబుర్లు.

నేను 2014లో మాసన్ లేక్స్ వచ్చాను. ఇక్కడి యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఆస్ట్రేలియా క్యాంపస్‌లో మాస్టర్స్ చదవడానికి. తెనాలిలో బయలుదేరేటప్పుడు అమ్మ సూట్‌కేసులో ఆరు స్టీలు గిన్నెలు సర్దింది, మూతలతో సహా. వాటి మీద నాన్న పేరు చెక్కించి ఉంటుంది. "బరువెక్కువవుతుందే అమ్మా" అంటే, "పుస్తకాలు తీసెయ్, అక్కడ దొరుకుతాయి" అంది! ఆ ఆరు గిన్నెలే మా నలుగురు కుర్రాళ్ళని రెండేళ్ళు పోషించాయి. ఆదివారం వండి, గిన్నెల్లో సర్ది, ఎవరి గిన్నె వాళ్ళు తినడమే.

ముందు వాటి మంచి చెప్పుకుందాం. చిన్న గిన్నెలో పెట్టిన పదార్థం త్వరగా చల్లారుతుంది. పెద్ద తపేలాడు పప్పు అలాగే ఫ్రిజ్‌లోకి తోస్తే మధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. నాలుగు చిన్న గిన్నెల్లోకి తీస్తే ఆ బాధ లేదు. ఎవరికి కావలసినంత వాళ్ళు వేడి చేసుకోవచ్చు, మొత్తం గిన్నెని పదిసార్లు తీసి పెట్టే పని ఉండదు. పెరుగు కూడా చిన్న గిన్నెల్లో తోడేసి చూడండి. ఒక గిన్నె కదిపినా మిగతావి గట్టిగానే ఉంటాయి, నీరు తేలదు.

ఇక ఏ గిన్నె ఎందుకు పనికొస్తుందో చూద్దాం. స్టీలుకి పసుపు మరక అంటదు, సాంబారు వాసన పట్టదు, పడేసినా సొట్టే పోతుంది. కానీ మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, లోపల ఏముందో బయటికి కనపడదు. పైగా ఆవకాయలాంటివి అందులో నెలల తరబడి ఉంచితే ఉప్పూ పులుపూ కలిసి స్టీలుని కూడా తింటాయి. వాటికి జాడీయో గాజు సీసానో మేలు. గాజు గిన్నెలో ఉన్నది కనపడుతుంది, వేడి చేసుకోవచ్చు. కానీ ఫ్రీజర్లోంచి తీసి వెంటనే వేడిలో పెడితే పగలొచ్చు. ఫ్రీజర్లో పెట్టేటప్పుడు పైన ఖాళీ వదలాలి, ఎందుకంటే నీరు గడ్డ కడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ప్లాస్టిక్ తేలిక, చవక. కానీ నూనె కూరలు పెట్టి వేడి చేస్తే రంగూ వాసనా వదలవు, మూత వంకరపోతుంది. ఇడ్లీ పిండిని మాత్రం దేంట్లోనూ నిండా పోసి బిగించకండి. అది పొంగి మూతని తన్నేసి, ఫ్రిజ్ అంతా తెల్లటి ముగ్గు పెట్టడం నేను కళ్ళారా చూశాను!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కిందటేడు ఫిబ్రవరిలో అమ్మ మా దగ్గర ఉంది. అడిలైడ్ ఎండలు మీకు తెలియనివి కావు. 2019 జనవరి 24న అయితే 46.6 డిగ్రీలు కొట్టింది. ఆ రోజు అంత కాదు గానీ, నలభైకి దగ్గరగా ఉంది. మధ్యాహ్నం అన్నం మిగిలింది. వేడిగా ఫ్రిజ్‌లో పెడితే ఫ్రిజ్ పాడవుతుందని అమ్మ నమ్మకం. గిన్నెలోకి తీసి, మూత గట్టిగా పెట్టి, వంటింటి గట్టు మీద ఉంచింది. రాత్రి పడుకునే ముందు గుర్తొచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది. మర్నాడు మేమిద్దరం ఆఫీసులకి వెళ్ళాక, మధ్యాహ్నం అదే వేడి చేసుకుని తింది.

మూడింటికి వాంతులు మొదలయ్యాయట. మాకు ఫోన్ చెయ్యలేదు. "మీటింగుల్లో ఉంటారు కదా" అనుకుందట. ఆరింటికి మేం వచ్చేసరికి సోఫా పక్కన నేల మీద పడుకుని ఉంది, లేవలేకపోతోంది. ఆస్పత్రికి తీసుకెళ్తే సెలైన్ ఎక్కించారు. డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏం తిన్నారు, ఎప్పుడు వండింది?" నేను నోరు తెరవలేకపోయాను. నా ఇంట్లో మా అమ్మ ఏం తింటోందో నాకు తెలియదు. అమ్మే నీరసంగా చెప్పింది: "నిన్నటి అన్నమే నాన్నా. మూత పెట్టానుగా!"

కచ్చితంగా అదేనని చెప్పలేం గానీ అన్నం మీదే అనుమానం అన్నారు డాక్టరుగారు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు ఉంటాయి. అవి ఉడికినా చావవు. అన్నం వెచ్చగా గంటల తరబడి బయట ఉంటే పెరిగి విషం తయారు చేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వాసన మారదు, రుచీ మారదు. మూత బల్లినీ ఈగనీ ఆపుతుంది గానీ, లోపల ఉన్నదాన్ని ఏం చేస్తుంది చెప్పండి? పైగా ఆ వెచ్చదనాన్ని పోనివ్వదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిచాను. పదకొండు మూత గిన్నెలు. ఒక్కొక్కటీ తీసి చూస్తే నాలుగు రోజుల నాటి బెండకాయ కూర, ఎప్పటిదో తెలియని చారు, రెండు ముద్దల పులిహోర. మాకు రోజూ సాయంత్రం వేడివేడిగా వండి పెట్టి, మిగిలినవి తను ఒక్కతే మధ్యాహ్నం పూట తింటోంది. నాలుగు నెలలుగా ఇదే జరుగుతోంది. మాకు ఒక్కరోజూ అనుమానం రాలేదు. అన్నిటికీ మూతలున్నాయి మరి.

అమ్మ కోలుకున్నాక వాదన మొదలైంది. "మేం చద్దన్నం తిని పెరగలేదా?" అంది. నిజమే. కానీ చద్దన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి పులియనిచ్చి, తెల్లారగానే తినేసేవారు. పులుపు చాలా క్రిములకి గిట్టదు. పొడి అన్నం మీద మూత బిగించి ఎండాకాలం గట్టు మీద వదిలెయ్యడం వేరు.

ఆస్ట్రేలియాలో ఒక సూత్రం చెబుతారు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య రెండు గంటల లోపు ఉన్న పదార్థాన్ని ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. రెండు నుంచి నాలుగు గంటలైతే అప్పుడే తినెయ్యాలి. నాలుగు దాటితే పారెయ్యాలి. ఆవిరి కాస్త తగ్గగానే మూత వారగా పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి, చల్లారాక బిగించండి. ఇప్పటి ఫ్రిజ్‌లకి ఏమీ కాదు. రెండు మూడు రోజుల్లో తినెయ్యండి. కరెంటు పోతే తలుపు తెరవకండి. 2016 సెప్టెంబరు 28న తుఫానుకి రాష్ట్రమంతా చీకటైనప్పుడు, మేం పావుగంటకోసారి తలుపు తెరిచి "ఇంకా చల్లగా ఉందా" అని చూస్తూ ఉన్న చల్లదనమంతా పోగొట్టాం. మూసి ఉంచితే నాలుగు గంటల దాకా ఆగుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో ప్రతి మూత మీదా చిన్న కాగితం టేపు ముక్క ఉంటుంది. దాని మీద సో, మం, బు అని తెలుగులో వారం పేరు. ఆ ఉపాయం నాది కాదండోయ్, అమ్మదే. మిగిలినవి ముగ్గురం కలిసి తింటాం, లేదా ముగ్గురం కలిసి పారేస్తాం. పారేసేటప్పుడు అమ్మ ఇప్పటికీ మొహం పక్కకి తిప్పుకుంటుంది. ఈమధ్య అందుకే కొలిచి తక్కువ వండుతోంది.

మీ ఇంట్లో కూడా అమ్మో, నాన్నో, అత్తగారో వచ్చి ఉంటే, ఈ రాత్రి ఒకసారి ఫ్రిజ్ తెరిచి మూతలు తీసి చూడండి. రేపు మధ్యాహ్నం ఒక ఫోన్ చేసి "భోజనం చేశావా?" అని కాదు, "ఏం తిన్నావు?" అని అడగండి.