గర్భిణీరక్షణము - అంగడి బేరము

(వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



విద్యనుగూర్చియు, వృత్తినిగూర్చియు, వివాహవ్యయమునుగూర్చియు పెద్దలు ఇదివఱకే ప్రసంగించియున్నారు. మాకు నియమింపబడిన విషయము సభలలో తఱచుగ వినబడునది కాదు. గర్భవతియగు స్త్రీకి కావలసిన వస్తువులును పరిచర్యలును మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణములలో నెట్లు విక్రయింపబడుచున్నవి, వానిలో మనము దేనికి ధనమిచ్చుచున్నాము, దేనిని విడిచిపెట్టుచున్నాము అనునదియే మేము చెప్పదలచినది. ఇవి ఆడవారి మాటలని పురుషులు లేచిపోవుదురేమోయని మాకు శంక కలదు. పైకము వారిచేతిలోనే యున్నది గావున, కూర్చుండి వినవలసినదిగా ప్రార్థించుచున్నాము.

మా జేజి కాలమున ఈ అంగడి లేదు. కాన్పు ఇంటిలోనే జరిగెడిది. మంత్రసానికి చేటెడు ధాన్యము, ఒక రవికగుడ్డ, తలకు నూనె. బాలింతకు శొంఠి, పిప్పళ్లు, పాతబెల్లము కలిపి దంచిన కాయము. శిశువునకు వస, ఆముదము, సాంబ్రాణిధూపము. అన్నియు కూడినను సంతలో ఒకపూట బేరమునకు మించెడివి కావు. ఆ కాలమును తలచి నిట్టూర్చువారు కొందఱు కలరు; మేము అట్టివారము కాము. దేశమున వేయి కాన్పులకు ఇంచుమించు 20 మంది తల్లులు మరణించుచున్నారని 1946లో భోరు సంఘమువారు వ్రాసిరి. మా జేజి చెల్లెలొకతె అట్లే పురిటిలో పోయినది. ఆమె పేరు మా యింట ఆడుబిడ్డలకు నేటికిని పెట్టరు. 2018-20 సంవత్సరముల లెక్కలలో ఆంధ్రప్రదేశమున లక్ష జననములకు 45 మంది తల్లులు మాత్రమే మరణించినట్లున్నది. ఈ భేదము ఆసుపత్రులవలనను, మందులవలనను, రక్తనిధులవలనను కలిగినది. కావున వైద్యమును నిందించుటకు మేమిచటికి రాలేదు.

మా ఫిర్యాదు వేఱు. నెల తప్పినదన్న వార్త వీధి దాటకమునుపే బేరము మొదలగుచున్నది. బిడ్డ తెల్లగా పుట్టునని కుంకుమపువ్వు డబ్బీ. శిశువు వర్ణము తల్లిదండ్రుల రక్తమునుబట్టి వచ్చునే కాని పాలలో వేసిన పువ్వునుబట్టి రాదు. బలమునకని పొడి డబ్బాలు; వానిలోని మాంసకృత్తులు గ్రుడ్డులోను, పాలలోను, పప్పులోను, మన చేలలో పండు వేరుసెనగలోను ఉన్నవి. కడుపుమీది చారలకు లేపనములు. ఒకటి చాలునన్నచోట నాలుగు స్కానింగులు, పైగా శిశువు ముఖము కనబడు రంగుల పటము. 24 వారములలోపల ఒక స్కానింగు చేయించిన మేలని ప్రపంచారోగ్యసంస్థవారు 2016లో సూచించియున్నారు; అవసరమైనచో వైద్యులు మఱియొకటి కోరుదురు, అది వేఱుమాట. ఆడయా మగయాయని అడుగుట 1994 నాటి చట్టముచేత నేరము. చెప్పినవారికే గాక అడిగినవారికిని కారాగారము కలదు. ఆ సంగతి ఇంతకన్న విస్తరింప నవసరము లేదు.

పట్టణములలో క్రొత్తగా వచ్చిన మఱియొక సరకు బొడ్డుత్రాటి రక్తమును దాచు ఒప్పందము. భవిష్యత్తులో బిడ్డకే రోగము వచ్చినచో అది పనికివచ్చునని చెప్పి పదులవేల రూపాయలు అడుగుదురు. బిడ్డ తన కొఱకే దానిని దాచుకొనుటకు శాస్త్రాధారము లేదని భారత వైద్యపరిశోధనా మండలివారు 2017లో స్పష్టముగ ప్రకటించిరి. ఆసుపత్రి గదిలో, నొప్పులకు వెఱచియున్న సమయమున, ఏ తండ్రి ఈ మాట విచారింపగలడు?

శస్త్రప్రసవముల సంగతి చెప్పుటకు వెనుకాడుచున్నాము. ఏలయన దానివలననే బ్రదికిన తల్లులు ఈ సభలోనే కూర్చుండియున్నారు. ఐనను 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో దేశమున నూటికి 21.5 కాన్పులు శస్త్రముచే జరుగగా, మన రాష్ట్రమున 42.4 జరిగినవి. జనసమూహమునందు ఈ సంఖ్య నూటికి పది దాటినపిమ్మట మరణములు దానివలన తగ్గుట కానరాలేదని 2015లో ప్రపంచారోగ్యసంస్థవారు తెలిపిరి. ముహూర్తము చూపి కోత కోరువారు మనలోనే కలరు. దోషమంతయు వైద్యునిదే యనుట ధర్మము కాదు.

ఇక మా యింటి సంగతి. దీనిని సభలో చెప్పుటకు మా ఆడపడుచు అనుమతించినది. ఆమె కుమార్తెను ధర్మవరమున మగ్గపువారింటికే ఇచ్చినాము. తొలిచూలు. ఏడవనెలలో శ్రీమంతము చేసినాము. పట్టుచీర, పచ్చగాజులు, ఛాయాచిత్రములవాడు, మూడువందలమందికి భోజనము. ఆ చీర నేసినది ఆమెయే. కట్టుకొనుటకు మాత్రము అప్పు చేసి అంగడినుండి తిరిగి కొన్నాము. ఈ విచిత్రము మగ్గము ఎఱిగినవారికి తెలియును. పొడి డబ్బాలు నెలకు రెండు తెప్పించినాము. ఆశా కార్యకర్త ఇచ్చిన ఇనుపమాత్రలు గూటిలోనే యుండిపోయినవి. అవి వేసికొన్న వికారము కలుగుననియు, మలము నల్లబడుననియు జడిసి, ఉచితముగా వచ్చిన మందు కదాయని మేమే చులకన చేసినాము. రక్తపరీక్ష చీటి చీరపెట్టెలో మడచియుండెను. దానిని తీసికొని చదివినవారు లేరు. హిమోగ్లోబిను 7.4 అని అందులో వ్రాయబడియుండెను. గర్భిణికి 11కు తగ్గరాదు.

కాన్పుదినమున రక్తస్రావము ఆగలేదు. మేము చేర్చిన చోట రక్తము లేదు. మఱియొక ఆసుపత్రికి తీసికొనిపొండని చెప్పిరి. ఆ రాత్రి మా బంధువులు ముప్పదిమంది వరండాలో నిలిచియుండిరి. శ్రీమంతమునాడు పంక్తిలో కూర్చున్నవారే. తన రక్తము ఏ వర్గమో చెప్పగలిగినవాడు వారిలో ఒక్కడును లేడు. పేరు కూడ చెప్పక వెళ్లిపోయిన ఒక బస్సు కండక్టరు ఇచ్చిన రక్తముచేత ఆమె బ్రదికినది. శిశువును బ్రదికినది. మగ్గము మాత్రము అప్పుక్రింద పోయినది. మూడవనెలలో ఆమె పరుల మగ్గముమీద కూలికి కూర్చున్నది.

ఈ డబ్బాల వెలలో పదవవంతైనను అవసరము లేని సదుపాయములు ఉన్నవని పిమ్మట తెలిసికొన్నాము. 2011 నుండి ప్రభుత్వాసుపత్రులలో కాన్పు, శస్త్రము, మందులు, పరీక్షలు, రక్తము, భోజనము, రాకపోకల వాహనము అన్నియు ఉచితముగా ఈయవలెనని జననీ శిశు సురక్షా కార్యక్రమము నిర్ణయించినది. 108 బండి 2005 నుండి మన రాష్ట్రమున తిరుగుచున్నది. ప్రతినెల 9వ తేదీని వైద్యులు గర్భిణులను ఉచితముగ పరీక్షించు ఏర్పాటు 2016లో ఆరంభమైనది. నాలుగవనెలనుండి 180 దినములు ఇనుపమాత్రలు, వానితోపాటు సున్నపుమాత్రలు ఇత్తురు. ఈ రెంటిని ఒకే పూట వేసికొనరాదు, ఒకటి మఱియొకదానిని ఒంటబట్టనీయదు. మొదటి కాన్పునకు 5,000 రూపాయలు, రెండవది ఆడశిశువైనచో 6,000 రూపాయలు ప్రధానమంత్రి మాతృవందన యోజనక్రింద తల్లి ఖాతాలో పడును. పుట్టపర్తిలో 1956 నుండి ఉచిత వైద్యశాల కలదు, బత్తలపల్లిలో ఆర్.డి.టి. సంస్థవారు 2000 సంవత్సరమున ఆసుపత్రి స్థాపించిరి. ప్రభుత్వాసుపత్రిలో కసరుకొందురు, చెయి చాపుదురు అందురా? కొన్నిచోట్ల నిజమే. ఒంటరిగా పోయిన పిల్లను కసరినంత సులభముగ, సంఘపువారు ఒకరు వెంటవచ్చిన పిల్లను కసరజాలరు.

పెనుకొండయొద్ద కార్ల కర్మాగారమున పనిచేయు స్త్రీకి 2017 నాటి సవరణచట్టము 26 వారముల జీతముతోడి సెలవు కల్పించినది. ఇంటి మగ్గముపై కూర్చున్న స్త్రీకి సెలవిచ్చు యజమాని యెవడు? గుంటలో కాళ్లు పెట్టి తొమ్మిదవనెలవఱకు పలక ద్రొక్కువారిని మనమందఱము చూచియున్నాము. ముందుగా తీసికొన్న పైకము తీఱవలెను గదా. శ్రీమంతపు భోజనమునకు పెట్టు వ్యయము ఆమె రెండునెలల కూలికి సరిపోవును. మూడువందల విస్తళ్లను ముప్పదిగా చేసి, మిగిలినదానిని ఆమె చేతికిచ్చి మగ్గము దింపవలసినదని మా మనవి. పెద్దలకు కోపము రావచ్చును. గాజులు తొడుగుటకు ముప్పదిమంది ముత్తైదువులు చాలరా?

సంచిక సంపాదకులకును ఒక మాట. ఇట్టి సంచికలు ప్రకటనల సొమ్ముతోనే అచ్చగుచున్నవని మే మెఱుగుదుము. మేమును వెనుక ఇంటింట తిరిగి ప్రకటనలు సేకరించినవారమే. ఐనను శిశువుల పాలపొడికిని, పాలసీసాలకును ప్రకటన వేయుట 1992 నాటి చట్టముచే నిషిద్ధము. అట్టిది చేతికి వచ్చినచో ఎంత పైకమిచ్చినను త్రిప్పిపంపుడు. ఖాళీయైన పుటలో 9వ తేదీని పరీక్ష జరుగు చోట్లు ముద్రింపుడు.

మూడు పట్టణములలోను సంఘపుశాఖలు ఒక్కొక్క పుస్తకము పెట్టవలెనని తీర్మానము ప్రతిపాదించుచున్నాము. అందు ఒకవైపు మన యిండ్ల గర్భిణుల పేర్లు, నెల, హిమోగ్లోబిను సంఖ్య, 9వ తేదీని వెంటపోవువారి పేరు. రెండవవైపు రక్తదాతల పేర్లు, వర్గము, చిరునామా. ధర్మవరపు పుస్తకము ఈ మండపద్వారమున బల్లమీద నున్నది. మొదటిపంక్తిలో మా పేరు వ్రాసినాము. వయస్సు మీఱినదని వైద్యులు దానిని కొట్టివేయుదురేమో. అట్లైనచో ఆ పంక్తిని మీలో ఒకరు నింపుడు.