సర్కారు తుమ్మ – మన చెరువులు
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి పెద్దలు వివరంగా మాట్లాడారు. నాకిచ్చిన కొద్ది సమయంలో మన ఊరి చెరువుల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఊరిబయట ముళ్ళతో గుబురుగా పెరిగే చెట్టును సర్కారు తుమ్మ అంటాము. ఆ పేరు ఊరికే రాలేదు. 1876లో మద్రాసు రాజధాని అటవీ అధికారి బెడ్డోమ్ దొర, వానలు తక్కువైన ప్రాంతాలకు పనికివస్తుందని, ఈ విత్తనాలు తెప్పించవలసిందిగా రెవిన్యూ కార్యదర్శికి వ్రాశారు. మరుసటి సంవత్సరం మన కడప జిల్లా కమలాపురంలో నాటారు. దీని పుట్టిల్లు అమెరికా ఖండపు వేడి ప్రాంతాలు. అంటే గుమాస్తాలమైన మనకు బాగా తెలిసిన పద్ధతిలోనే, ఒక ఉత్తరంతో మొదలైంది!

ఉద్దేశం మంచిదే. పేదల పొయ్యిలోకి కట్టె దొరికింది, బొగ్గుబట్టీలవారికి పని దొరికింది. ఆ మేలు కాదనకూడదు. అయితే తియ్యటి కాయలను పశువులు, మేకలు తిని, పేడతో, పెంటికలతో విత్తనాలను ఊరంతా చల్లాయి. ఆకును మాత్రం పశువు ముట్టదు. పైకి నరికితే మోడు మళ్ళీ చిగురిస్తుంది. క్రమంగా పచ్చికబీళ్ళు, చెరువు శిఖం భూములు, వాగులు, వరద కాలువలు దాని పాలయ్యాయి.

వాతావరణ మార్పు ఈ కష్టాన్ని రెట్టింపు చేస్తున్నది. ఎండలు ముదురుతున్నాయి. నెలంతా పడవలసిన వాన రెండు మూడు రోజులలో కుమ్మరించి పోతున్నది. ఆ నీటిని పట్టి నిలుపుకోవటానికే పూర్వులు చెరువులు తవ్వించారు. కాలువ ముళ్ళకంపతో పూడిపోతే నీరు చెరువు చేరదు, దారి తప్పి ఇళ్ళమీదికి వస్తుంది. వేసవిలో తక్కిన మొక్కలు మాడిపోయినా, వేరు లోతుకు దిగిన ఈ తుమ్మ పచ్చగానే ఉంటుంది. కరువు దానికి చుట్టం.

దీనికి తోడు గుర్రపుడెక్క, వయ్యారిభామ ఉండనే ఉన్నాయి. 1955లో పుణేలో కనిపించిన వయ్యారిభామ ఇప్పుడు దేశమంతటా ఉంది. దాని పుప్పొడి ఉబ్బసాన్ని రేపుతుంది, ఆకు తగిలితే దురదలు వస్తాయి. మన వయసువారికి ఇది చిన్న విషయం కాదు. ప్రపంచంలో ఇలా కొత్త చోట్లకు చేరి స్థిరపడిన జీవజాతులు 37,000కు పైగా ఉన్నాయనీ, వాటిలో 3,500కు పైగా హాని చేస్తున్నాయనీ అంతర్జాతీయ నిపుణుల వేదిక 2023లో తెలిపింది.

మనం చేయగలిగినవి మూడున్నాయి. ఒకటి, చెరువుకు నీరు వచ్చే కాలువలు, అలుగు ముందుగా బాగుచేయమని, సర్వే నెంబర్లతో సహా పంచాయతీకి, నీటిపారుదల శాఖకు అర్జీ పెట్టటం. రెండు, తుమ్మను యంత్రంతో వేళ్ళతో సహా పెకలించి, ఆ కట్టెను బొగ్గుబట్టీలవారికే ఇప్పించి, గట్లమీద తాటి, కానుగ, వేప నాటించటం. మూడు, వయ్యారిభామను పూతకు రాకముందే పీకించటం. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఉబ్బసం ఉన్నవారు దయచేసి దూరంగా ఉండండి.

అర్జీ వ్రాయటం, రిమైండరు పంపటం, ఫైలు కదిలేదాకా వెంటపడటం మనకెవరూ నేర్పనక్కరలేదు. పెన్షన్ కోసం చూపే పట్టుదలలో పావు వంతు చెరువు కోసం చూపినా, మన మనుమలకు మంచినీళ్ళు మిగులుతాయి.