వంశధార వెంట



చెన్నై నుండి హౌరా పోవు రైలుబండ్లు శ్రీకాకుళము రోడ్డు స్టేషనును దాటునప్పుడు యాత్రికులలో పెక్కురు నిద్రలోనుందురు. మెలకువగానున్నవారి మనస్సు అప్పటికే పూరీ జగన్నాథుని సన్నిధిని చేరియుండును. మొన్నటి కార్తికమాసమున మేము ఆ స్టేషనులో దిగి కళింగపట్నము చేరితిమి.

ఒడిశా కొండలలో పుట్టిన వంశధార ఇచట సముద్రమున కలియుచున్నది. ఒకప్పుడు ఓడలు నిలిచిన రేవిది. నేడు దీపస్తంభము, సరుగుడు తోటలు, ఇసుకపై ఆరవేసిన వలలు కానవచ్చును. వల బాగుచేసికొనుచున్న యొక వృద్ధుడు మమ్ము చూచి, "ఏటి బాబూ, ఇక్కడేటున్నాదని వచ్చినారు?" అని అడిగెను. మాకు వెంటనే జవాబు తోచలేదు.

ఆ ప్రశ్నతోనే నది వెంట ఎగువకు సాగితిమి. సమీపముననే శాలిహుండము కలదు. నదియొడ్డు కొండపై ఇటుక స్తూపములు, చైత్యములు కలవు. తార, మారీచి విగ్రహములు ఇచట లభించినవి. ఊరివారు నిత్యము చూచు ఆ కొండపై బౌద్ధావశేషములున్నవని 1919లో లోకమునకు తెలిపినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు.

ఇంకను ఎగువన, ఎడమగట్టున శ్రీముఖలింగము. పంతులుగారు 1863లో జన్మించిన పర్వతాలపేట దీని దాపుననే కలదు. తూర్పు గాంగరాజుల కళింగనగరము ఇదియేనని చరిత్రకారులు పెక్కురు తలచుచున్నారు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయముల శిల్పమును చూచుటకు ఒక పూట చాలదు. మధూకమనగా ఇప్పచెట్టు. స్వామి సవరలకు ఇప్పచెట్టునందు ప్రత్యక్షమయ్యెనని స్థలపురాణము. ఆ సవరల భాషకే పంతులుగారు వ్యాకరణమును, నిఘంటువును కూర్చిరి. ఇతరులు ఏమియు లేదనుకొన్న చోట వారు ఆగి చూచిరి, ఆగి వినిరి.

నదిని విడిచి తూర్పుగా పోయినచో టెక్కలి సమీపమున తేలినీలాపురము వచ్చును. శీతకాలమున గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచును. అవి వచ్చిన యేడు మేలు కలుగునని ఊరివారి నమ్మిక. వారు పక్షిని కొట్టరు, కొట్టనీయరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ ప్రాంతపు కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలగూల్చినది. పడిన చెట్టు మరల ఎదుగుటకు ఒక తరము పట్టును. చెట్టు లేని ఊరికి పక్షి రాదు. ఇట్టి సంపద ఎప్పటికి నుండునని నమ్మి ఊరకుండుటకు వీలులేదు.

తిరుగు బండి యెక్కుటకు ముందు మరల కళింగపట్నము పోయితిమి. ఆ వృద్ధుడు అచటనే యుండెను. శాలిహుండము కొండ ఎప్పుడైన ఎక్కితివా తాతా యని అడిగితిమి.

"రోజూ సూస్తన్నాను బాబూ, ఎక్కనేదు. ఈ పాలి మనవణ్ణి ఎంటబెట్టుకొని ఎల్తాను" అనెను.

శ్రోతలారా! ఈ శీతకాలమున ఆ దారిని పోవుదురేని ఒక్కరోజు దిగి చూడుడు. పక్షులను దూరమునుండియే చూడుడు. స్తూపపు ఇటుకను కదల్పకుడు. ఆ మనవడు వచ్చువేళకు అన్నియు అచటనే యుండవలయును.